కంపెనీల డిజిటల్ మొగ్గును తూచడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫలానా కంపెనీ నిజంగా డిజిటల్ బాట పట్టిందా, పట్టానని చెప్పుకుంటోందా? ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. మొదటి జవాబు కాస్త పొడవు. అందులో విప్పిన మెలికలు తక్కినవాటిలోనూ పనికొస్తాయి.

ప్రశ్న: వాణిజ్యశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లిస్టెడ్ తయారీ కంపెనీల డిజిటల్ ఓరియెంటేషన్‌ను (డిజిటల్ మొగ్గును) కొలవమని మా గైడు చెప్పారు. వార్షిక నివేదికల్లో ‘డిజిటల్’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే సరిపోతుందా?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

సరిపోదు. ‘డిజిటల్’ అన్న ఒక్క మాటను పట్టుకుంటే మార్కులన్నీ వార్షిక సమావేశం నోటీసుకే పడతాయి. 2020 నుంచి సమావేశాలు వీడియోలో జరపడం మొదలయ్యాక ఈ-ఓటింగు, ఎలక్ట్రానిక్ పద్ధతి, డిజిటల్ సంతకం, లాగిన్ వివరాలు పేజీలకు పేజీలు నింపేస్తున్నాయి. అవి చట్టం కోసం రాసినవి, ఏ కంపెనీ నోటీసు చూసినా దాదాపు అవే వాక్యాలు. కాబట్టి నోటీసును, ఆడిటర్ నివేదికను, ఖాతాల నోట్లను ముందే కత్తిరించి పక్కన పెట్టండి. చైర్మన్ లేఖ, డైరెక్టర్ల నివేదిక, మేనేజ్‌మెంట్ డిస్కషన్ భాగం మాత్రం ఉంచుకోండి. ఈ మూడింటి స్కోర్లనూ కలిపేయకండి. లేఖలో పొంగిపొర్లి, తక్కిన రెండింటిలో ఊసే లేకపోతే అదీ మీకు పనికొచ్చే సంగతే.

అసలు దేన్ని కొలుస్తున్నారో కూడా మొదటి అధ్యాయంలోనే తేల్చాలి. మొగ్గు అంటే యాజమాన్యం చూపు, డబ్బు, పెద్దల సమయం ఎటు వాలుతున్నాయన్నది. ఏ సాధనాలు కొన్నారు, ఎన్ని వాడుతున్నారు అన్నది వాడకం. ఖర్చు తగ్గిందా, అమ్మకం పెరిగిందా అన్నది ఫలితం. ఈ మూడింటినీ ఒకే స్కోరులో కలిపేసి, ఆ స్కోరు లాభాన్ని పెంచిందని తేల్చే థీసిస్‌లు వస్తున్నాయి. ఫలితాన్ని కొలమానంలోనే దాచిపెట్టి, మళ్లీ ఫలితంతో సంబంధం చూపడం దొంగ తూకమే. మొగ్గును నాలుగు పాయలుగా విడదీయడం 2021లో వచ్చిన ఒక ఐరోపా పరిశోధనతో బాగా వాడుకలోకి వచ్చింది: సాంకేతికతల విస్తృతి, మనుషుల నైపుణ్యం, బయటి భాగస్వాములతో సమన్వయం, లోపలి వ్యవస్థల అమరిక. మీరూ పదాల జాబితాను ఈ నాలుగు అరల్లో సర్దుకోండి. ‘క్లౌడ్’, ‘సెన్సర్’ లాంటి మాటలతో మొదటి అర ఊరికే నిండిపోతుంది. నైపుణ్యం అర మాత్రం చాలా కంపెనీల్లో ఖాళీగా కనిపిస్తుంది. మొత్తం స్కోరు ఒక్కటే చూస్తే ఈ తేడా కంటబడదు.

జాబితాను ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని తయారుచెయ్యకండి. ఆర్థిక నివేదికల భాష వేరు. మామూలు నిఘంటువులో ప్రతికూలమని ముద్రపడిన మాటల్లో దాదాపు నాలుగింట మూడొంతులు కంపెనీ నివేదికల్లో ప్రతికూలం కానే కావని 2011లో అమెరికాలో తేల్చారు. పన్ను, ఖర్చు, అప్పు లాంటి మాటలవి. మీరు ముందుగా వేర్వేరు పరిశ్రమల నుంచి ఓ 20 నివేదికలు తీసుకుని చదవండి. కంటబడిన మాటలన్నీ రాసుకోండి, 150 దాకా వస్తాయి. వాటిని విషయం తెలిసినవాళ్లకిచ్చి ఒక్కో మాట ‘అవసరమా, కాదా’ అని విడివిడిగా గుర్తు పెట్టించండి. ఒక మాటను ఉంచడానికి ఎంతమంది ఒప్పుకోవాలో చెప్పే, 1975 నుంచి వాడుతున్న లాషే లెక్క ప్రకారం న్యాయనిర్ణేతలు అయిదుగురే అయితే అయిదుగురూ ఒప్పుకోవాలి. పదిమంది అయితే కనీసం తొమ్మిదిమంది ఒప్పుకోవాలి. అందుకే పదిమందిని వెతుక్కోవడం మేలు. అయిదుగురితో చేస్తే మంచి మాటలు కూడా రాలిపోతాయి.

ఇక కంప్యూటరు చేసే పొరపాట్లు. మాట సరిహద్దు పెట్టకుండా, అంటే విడి మాటగా ఉన్నచోటే పట్టమని చెప్పకుండా, కృత్రిమ మేధ సంక్షిప్త రూపం ‘ఏఐ’ని వెతికితే, పెద్ద అక్షరాల్లో రాసిన ముంబయి, చెన్నై, దుబాయ్ చిరునామాలన్నీ దొరుకుతాయి. ఆ మూడు పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగు చివర ఉన్నవి ఆ రెండు అక్షరాలే. కంపెనీ పనులన్నిటినీ ఒకచోట కలిపే సాఫ్ట్‌వేరు ‘ఈఆర్‌పీ’ని వెతికితే ‘ఎంటర్‌ప్రైజెస్’ అని పేరున్న ప్రతి అనుబంధ సంస్థా వస్తుంది, ఆ స్పెల్లింగు నడుమ అదే వరుస ఉంది మరి. ‘నెట్‌వర్క్’ అంటే డీలర్ల నెట్‌వర్క్ కావచ్చు, ‘ప్లాట్‌ఫామ్’ చమురు బావి మీదది కావచ్చు, ‘మొబైల్’ క్రేను కావచ్చు. ఒంటి మాటల బదులు జంట మాటలు పెడితే ఈ చెత్త చాలావరకు పోతుంది. పీడీఎఫ్ నుంచి పాఠం తీసేటప్పుడు రెండు వరుసల పేజీల్లో వాక్యాలు కలగాపులగం అవుతాయి, జంట మాటలు విడిపోతాయి. డిజైనర్లు బొమ్మల్లో అచ్చేసిన అక్షరాలు అసలు పట్టుబడవు. కంపెనీకి ఒకటిరెండు పేజీలు తెరిచి, తీసిన పాఠంతో కంటితో సరిచూసుకోండి.

లెక్కను ఎప్పుడూ 1,000 మాటలకు ఇన్ని అని చూపాలి. 1,20,000 మాటల నివేదికలో 300 దొరికితే 2.5. 40,000 మాటల దాంట్లో 140 దొరికితే 3.5. చిన్న నివేదికే ముందుంది. అయితే ఇక్కడో గుంట ఉంది. సెబీ ఆదేశం ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలు బాధ్యత, సుస్థిరతల నివేదికను తప్పనిసరిగా జతచేయాలి. దాంతో నివేదికలు ఒక్కసారిగా బలిశాయి. మొత్తం నివేదికను హారంగా పెట్టుకున్నవారికి ఆ ఏడు అందరి డిజిటల్ మొగ్గూ పడిపోయినట్టు కనిపిస్తుంది. మారింది మొగ్గు కాదు, హారం. మూడు భాగాలే తీసుకోమని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

స్కోర్లు వచ్చాక ఓ 200 వాక్యాలను యాదృచ్ఛికంగా తీసి ఇద్దరు మనుషుల చేత చదివించండి. ప్రతి వాక్యాన్నీ సొంత వాడకం, అమ్మే సరుకు, రిస్కు హెచ్చరిక, చట్టపు నియమం, ఒట్టి అలంకారం అని అయిదు గంపల్లో వెయ్యాలి. ఇద్దరి తీర్పులు ఎంత కలిశాయో చెప్పే కోహెన్ కప్పా 0.7 దాటకపోతే తప్పు మనుషులది కాదు, గంపల నిర్వచనానిది. సెన్సర్లు, ఆటోమేషన్ పరికరాలు తయారుచేసే కంపెనీ వాక్యాలు ఎక్కువగా ‘అమ్మే సరుకు’ గంపలో పడతాయి. అది తన కార్ఖానాలో చేతి రిజిస్టర్లే వాడుతూ ఉండవచ్చు. ఐటీ కంపెనీలనైతే నమూనాలో కలపనే కూడదు. ఆఖరుగా, ప్రతి కంపెనీ స్కోరునూ అదే పరిశ్రమ, అదే సంవత్సరం సగటుతో పోల్చి చూపండి. సిమెంటునూ బ్యాంకునూ ఒకే త్రాసులో పెట్టకూడదు. సంఖ్యలు కొన్ని కంపెనీల దగ్గరే కుప్పపడతాయి, సున్నాలూ ఉంటాయి. అందుకని 1 కలిపి లాగ్ (సంవర్గమానం) తీసుకోండి. లాభంతో సంబంధం చూసేటప్పుడు ఈ ఏటి మొగ్గును ఈ ఏటి లాభంతో కాక, ఒకటి రెండేళ్ల తర్వాతి లాభంతో జతచేయండి. చేతినిండా డబ్బున్న ఏడాది అందరూ డిజిటల్ మాటలే మాట్లాడతారు.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగిని, కొద్దిపాటి షేర్లున్నాయి. ప్రతి కంపెనీ ‘డిజిటల్ ఫస్ట్’ అనే అంటోంది. సాఫ్ట్‌వేరు రానివాడు నిజానిజాలు ఎలా పట్టుకోవాలి?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

మీకు సాఫ్ట్‌వేరు అక్కర్లేదు, బ్యాంకులో అలవడిన అనుమానం చాలు. మొదటి 40 రంగుల పేజీలు తిప్పేసి నాలుగు చోట్ల ఆగండి.

ఒకటి, డైరెక్టర్ల నివేదిక అనుబంధాల్లో ‘టెక్నాలజీ అబ్‌సార్ప్షన్’ అనే చిన్న పట్టీ. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 134 కింద ఇది ఇవ్వాలి. ఏ ప్రయత్నాలు చేశారు, ఏం లాభం కలిగింది, గత మూడేళ్లలో ఏ సాంకేతికతను దిగుమతి చేసుకున్నారు, పూర్తిగా ఇముడ్చుకున్నారా లేదా, పరిశోధనకు ఎంత ఖర్చయింది అని అడుగుతుంది. చైర్మన్ లేఖలో విప్లవం, ఈ పట్టీలో ‘నిల్’ ఉంటే మీ జవాబు దొరికినట్టే. మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టి చూడండి. అదే పేరా కామాతో సహా మూడేళ్లూ ఉంటే ఎవరూ దాన్ని పట్టించుకోలేదన్నమాట.

రెండు, ఖాతాల్లో కంటికి కనబడని ఆస్తుల పట్టిక. అందులో ‘కంప్యూటర్ సాఫ్ట్‌వేర్’ వరుస ఉంటుంది, ఏడాదిలో ఎంత చేరిందో చూడండి. తయారవుతున్న ఆస్తుల వయసును కూడా ఇప్పుడు ఏడాది లోపు, 1-2, 2-3, మూడేళ్లు దాటినవి అని విడగొట్టి చూపుతున్నారు. సాఫ్ట్‌వేరు ప్రాజెక్టు మూడేళ్లు దాటిన గడిలో మగ్గుతుంటే అది ఎక్కడో ఇరుక్కుంది. ఇక్కడొక జాగ్రత్త: అద్దెకు తీసుకున్న క్లౌడ్ సాఫ్ట్‌వేరు ఆస్తుల్లోకి రాదు, ఖర్చుల్లోకి పోతుంది. కాబట్టి సాఫ్ట్‌వేరు ఆస్తి తగ్గినంత మాత్రాన కంపెనీ వెనకడుగు వేసిందనుకోవద్దు. ఇతర ఖర్చుల నోటు కూడా చూశాకే మాట అనాలి.

మూడు, డైరెక్టర్ల నైపుణ్యాల పట్టిక. టెక్నాలజీ గడిలో ఎవరికి టిక్కు పెట్టారో చూసి, ఆ మనిషి పరిచయం చదవండి. అందరికీ అన్ని గడుల్లో టిక్కులుంటే ఆ పట్టికకు విలువ లేదు. నాలుగు, రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ. సైబర్ భద్రతను చూడవలసింది అదే. ఏడాదిలో ఎన్నిసార్లు కూర్చుంది, ఎవరు హాజరయ్యారు అన్నవి అక్కడే ఉంటాయి.

మాటకూ పనికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో చెప్పడానికి రెండు ఉదాహరణలు. న్యూయార్క్ దగ్గరి ఐస్‌డ్ టీ కంపెనీ ఒకటి 2017 డిసెంబరులో తన పేరును ‘లాంగ్ బ్లాక్‌చెయిన్’ అని మార్చుకుంది (బ్లాక్‌చెయిన్ అంటే క్రిప్టో కరెన్సీల వెనకున్న సాంకేతికత). షేరు ఒక్క రోజులోనే రెండింతలు దాటి ఎగిరింది. 2021లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ దాని షేర్ల రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. జనరల్ ఎలక్ట్రిక్ కథ అలాంటిది కాదు. 2020 కల్లా ప్రపంచంలో తొలి పది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటవుతామని ప్రకటించి, ప్రెడిక్స్ అనే పారిశ్రామిక సాఫ్ట్‌వేర్ వేదిక మీద భారీగా డబ్బు పెట్టింది. మొగ్గు నిజమే, ఖర్చూ నిజమే. అయినా అధినేత జెఫ్ ఇమెల్ట్ 2017లో తప్పుకున్నారు, 2018లో కంపెనీ డౌ జోన్స్ సూచీ నుంచి బయటపడింది. పదాల లెక్కలో పై తరగతిలో నిలిచే కంపెనీ ఫలితంలో కింది వరుసలో ఉండవచ్చని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇక మన హైదరాబాదు సంగతి: సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ గవర్నెన్స్ బహుమతి వచ్చింది, 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ చైర్మన్ లేఖ వచ్చింది. నివేదికలోని అంకెనైనా మాటనైనా వేరేచోటి అంకెతో సరిపోల్చకుండా నమ్మకండి.

ప్రశ్న: మాది రైస్ మిల్లు, టర్నోవరు 5 కోట్లు దాటింది. ఓ కన్సల్టెంటు వచ్చి మా ‘డిజిటల్ మెచ్యూరిటీ’ 5కి 2.8 అని చెప్పి, పెంచడానికి ఫీజు అడుగుతున్నాడు. ఈ 2.8 ఏమిటి? మేమే కొలుచుకోలేమా?
– మిల్లు యజమాని, మిర్యాలగూడ

2.8 అనేది చాలా గడుల సగటు. కాటా దగ్గర 5, గోదాములో 1 ఉన్నా సగటు 3 వస్తుంది, రెండు చోట్లా 3 ఉన్నా 3 వస్తుంది. ఆ రెండు మిల్లులకూ చెయ్యవలసిన పని మాత్రం ఒకటి కాదు. ఆయన్ను సగటు పక్కన పెట్టి గడులవారీ అంకెలు, ఒక్కో అంకెకు ఏం చూసి ఇచ్చాడన్న ఆధారం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వలేకపోతే ఫీజు మాట ఎత్తకండి.

బయట వాడుకలో ఉన్న కొలతలు రెండు మూడు ఉన్నాయి. ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్, 10 మంది, అంతకు పైబడి పనిచేసే సంస్థలను 12 సాంకేతికతల గురించి అడిగి, ఎన్ని వాడుతున్నారో లెక్కపెడుతుంది: 0-3 అతి తక్కువ, 4-6 తక్కువ, 7-9 ఎక్కువ, 10-12 చాలా ఎక్కువ. జర్మనీలో 2017లో వచ్చిన ఇండస్ట్రీ 4.0 సూచీకి ఆరు మెట్లు: కంప్యూటర్లు రావడం, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం, ఏం జరుగుతోందో కనబడటం, ఎందుకు జరుగుతోందో అర్థం కావడం, ఏం జరగబోతోందో ముందే తెలియడం, తనంతట తాను సర్దుకోవడం. కార్ఖానాల డిజిటల్ సిద్ధతను తూచే సింగపూర్ సూచీలో 16 కోణాలున్నాయి. మీ మిల్లుకు జర్మనీ మెట్లే ఎక్కువ అర్థమవుతాయి. చాలా మిల్లులు మొదటి మెట్టు ఎక్కి రెండోదాని దగ్గర ఆగాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. చట్టం బలవంతం మీద చేసినదాన్ని మొగ్గు కింద లెక్కించకూడదు. 5 కోట్ల టర్నోవరు దాటినవారికి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ నుంచి లెక్కల సాఫ్ట్‌వేరులో దిద్దుబాట్ల చిట్టా కూడా ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు సంగతి మీకు తెలిసిందే. కన్సల్టెంటు వీటికి మార్కులు వేసి ఉంటే తీసేసి మళ్లీ కూడమనండి.

సొంతంగా కొలుచుకోవడానికి మూడు వారాలు, ఒక నోటు పుస్తకం, పని తెలిసిన ఒక గుమాస్తా చాలు. వచ్చే 20 లారీలు ఎంచుకోండి. ప్రతి లారీకీ మూడు రాయించండి. మొదటిది, ఒకే బరువును ఎన్నిసార్లు చేత్తో రాశారు లేక టైపు చేశారు: కాటా చీటీ, గోదాము రిజిస్టరు, ట్యాలీ, యజమానికి వాట్సాప్, ఇలా. రెండోది, లారీ కాటా దిగిన దగ్గర్నుంచి ఆ లెక్క మీ కంటికి కనబడే దాకా ఎన్ని గంటలు. మూడోది, కాటా చీటీలోని అంకెకూ ట్యాలీలోని అంకెకూ తేడా వచ్చిందా. 20లో రెండు లారీలకు తేడా వచ్చినా కొత్త యంత్రాల మాట పక్కన పెట్టి, ముందు కాటాను నేరుగా కంప్యూటరుకు కలపండి.

నాలుగో కొలత మిల్లు లోపల. సీఎంఆర్ (ప్రభుత్వం ఇచ్చిన వడ్లు ఆడించి బియ్యం తిరిగివ్వడం) లెక్కలో క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు ఇవ్వాలి కదా. మీ దిగుబడి, నూక శాతం మీకు లాటువారీగా మర్నాటికి తెలుస్తున్నాయా, సీజను చివర కుప్పగా తెలుస్తున్నాయా? రబ్బరు రోళ్లు నడిచిన గంటలు చూసి మారుస్తున్నారా, శబ్దం విని మారుస్తున్నారా? పోయిన నెలలో తేమ శాతం, నూక శాతం అంకెలు చూసి మార్చుకున్న నిర్ణయం ఒక్కటి చెప్పగలరా? చెప్పలేకపోతే అంకెలు పుడుతున్నాయి గానీ ఎవరూ వాడటం లేదు. మీ మేస్త్రీ చెవి మంచిదే, దాన్ని తీసెయ్యమనడం లేదు. ఆ చెవి చెప్పినదాన్నీ గంటల లెక్కనూ పక్కపక్కన రాసుకుంటే ఆరు నెలల్లో ఏది ముందు పసిగడుతోందో తేలుతుంది.

ప్రశ్న: మా కంపెనీలో డిజిటల్ మార్పుపై సర్వే పెట్టాం. అందరూ 5కి 4, 5 ఇచ్చారు. పై వాళ్లు సంతోషించారు, నాకే నమ్మకం కలగడం లేదు.
– హెచ్‌ఆర్ మేనేజరు, హైదరాబాదు

మీ అనుమానం నిజం కావడానికే ఎక్కువ అవకాశం. ప్రశ్నలు చూడకుండా చెప్పగలిగినవి ఇవి. ‘మా కంపెనీ ఆధునిక సాంకేతికతను వాడుతూ ఉద్యోగుల నైపుణ్యం పెంచుతోంది’ లాంటి వాక్యంలో రెండు ప్రశ్నలున్నాయి, జవాబు దేనికో తెలియదు. పైగా అది పొగడ్త, కాదనడానికి ధైర్యం కావాలి. దాని బదులు జరిగినదాన్ని అడగండి: ‘గత 6 నెలల్లో మా విభాగంలో ఒక నిర్ణయాన్ని డేటా చూసి మార్చుకున్నాం’, ‘కొత్త సాఫ్ట్‌వేరు వచ్చాక కూడా అదే వివరాన్ని ఎక్సెల్‌లో మళ్లీ ఎక్కిస్తున్నాను’. రెండోది తిరగేసిన ప్రశ్న, లెక్కలో దాని మార్కు తిప్పి వేయాలి. తెలుగులో తిరగేసిన ప్రశ్నకు ‘లేదు’, ‘కాదు’ రెండుసార్లు పడితే చదివేవాళ్లు తికమకపడతారు. కాబట్టి నిషేధం లేకుండానే తిప్పండి.

పేరు, ఉద్యోగి సంఖ్య అడగకండి. ఆఫీసు లాగిన్ నుంచి నింపమంటే అజ్ఞాతమని ఎవరూ నమ్మరు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటాలని అందరికీ తెలుసు, 0.95 దాటినా మంచిది కాదు. ఒకే ప్రశ్నను పది రకాలుగా అడిగారని దానర్థం. ఐటీ విభాగం, షాప్‌ఫ్లోరు, అమ్మకాల వాళ్ల సగటులను విడివిడిగా చూడండి. ఐటీకి 4.6, షాప్‌ఫ్లోరుకు 2.9 వస్తే పై వాళ్లకు చూపవలసింది 1.7 తేడానే గానీ మొత్తం సగటు కాదు. ప్రశ్నాపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్పించి ఉంటే, ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి మొదటిదానితో పోల్చండి.

ప్రశ్న: వార్షిక నివేదికను ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి ‘డిజిటల్ మొగ్గుకు 10కి ఎంత వేస్తావు’ అని అడిగితే ఈ గొడవంతా తప్పుతుంది కదా?
– డేటా అనలిస్టు, బెంగళూరు

అడగవచ్చు, ఇవాళ 7 అంటుంది, రేపు 8 అనవచ్చు. నివేదిక మొత్తానికి ఒక అంకె అడగకండి. వాక్యం వాక్యంగా ఇచ్చి, మొదటి జవాబులో చెప్పిన అయిదు గంపల్లో దేనిలోకి వస్తుందో మాత్రం అడగండి. కంపెనీ పేరు, బ్రాండ్ల పేర్లు తీసేసి ఆ స్థానంలో ‘కంపెనీ-1’ అని పెట్టండి. పేరు కనబడితే నివేదికలో ఉన్నదాని బదులు లోకంలో ఆ కంపెనీకి ఉన్న పేరుప్రతిష్ఠలను బట్టి మార్కు పడే ప్రమాదముంది. జవాబులు ఎంత మారిపోవచ్చో నిర్ణయించే ‘టెంపరేచర్’ అమరికను సున్నాకు దించండి. మోడల్ వెర్షను, అడిగిన మాటలు, తేదీ దాచండి, ఎందుకంటే ఆర్నెల్లకు ఆ మోడల్ ఉండకపోవచ్చు. అదే వాక్యాలను రెండుసార్లు పంపి జవాబులు ఎంత శాతం కలిశాయో చూడండి. మనుషులు చదివిన 200 వాక్యాలతోనూ పోల్చండి. అలంకారపు వాక్యాలను సొంత వాడకం గంపలో వేస్తోందేమో ప్రత్యేకంగా చూసుకోండి, నివేదికలు రాసేవాళ్ల నేర్పంతా ఆ రెండింటికీ తేడా తెలియకుండా చెయ్యడంలోనే ఉంది.